డాక్టరు గారి ఏడో బైనాక్యులర్

ఆయన డాక్టరు కాదు, కళ్ళజోళ్ళ దుకాణం యజమాని. ముప్పై ఏళ్ళ క్రితం ఎవరో ముసలాయన పొరపాటున "డాక్టరు గారూ" అన్నాడు. సరిదిద్దడానికి ఈయనకు ఆ రోజు తీరిక చిక్కలేదు, ఆ తర్వాతా చిక్కలేదు. ఇప్పుడు వీధి వీధంతా అలాగే పిలుస్తోంది కాబట్టి మనమూ అలాగే పిలుద్దాం, మన సొమ్మేం పోయింది!

దుకాణానికి అసలు ప్రకటన ఆయన మొహమే. అరవై దగ్గర పడుతున్నా ముక్కు మీద అద్దాలు లేవు. వచ్చినవాళ్ళకు కళ్ళు పరీక్షించే ముందు తన కళ్ళ కథ వినిపించడం ఆయనకు అలవాటు. వెనక గదిలో అద్దాలు అరగదీసే మిషను దగ్గర కూర్చునే భార్యకు మాత్రం సీసా అడుగంత మందం కళ్ళజోడు. ఆమె ముందుకొస్తే వ్యాపారం దెబ్బతింటుందని ఆయన ఎన్నడూ అనలేదు, కుర్చీ మాత్రం వెనకే వేయించాడు.

ఇప్పుడు ఆ ప్రకటనకే పురుగు పట్టింది. కొంతకాలంగా ఆయన కుడికన్ను మసకబారుతోంది. దీపం చుట్టూ దూదిపింజలా వెలుగు కనిపిస్తుంది. తెల్లగోడ ఆ కంటికి పాత కాగితంలా ఉంటుంది. ఇది భార్య కనిపెట్టింది. "ఒక్కసారి ఆ కుర్చీలో కూర్చోండి, నేనే చూస్తాను" అని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ ఆయన బల్బు మార్పించాడు.

ఊరవతల చెరువు గట్టు మీద ఆదివారం పొద్దున్నే పిట్టలు చూసే గుంపు ఒకటి ఉంది. టైలరు, రిటైరైన డ్రాయింగ్ టీచరమ్మ, బస్సు డ్రైవరు, ఆ డ్రైవరు చెల్లెలు, వీళ్ళందరికీ పెద్దదిక్కు మన డాక్టరు గారు. పిట్ట పేరు ఎవరు చెప్పినా చివరికి ఆయన అవునంటేనే టీచరమ్మ పుస్తకంలోకి ఎక్కుతుంది. ఏళ్ళ తరబడి ఒకే బైనాక్యులర్‌తో నడిచిన ఈ పెత్తనానికి పోయినేడు చిక్కొచ్చింది. అవతలి గట్టు మీది కొంగలు ఆయనకు అలుక్కుపోయినట్టు కనిపించసాగాయి. ఇంకేముంది, బైనాక్యులర్ పాడైందన్నాడు.

కొత్తది కొన్నాడు. అందులో రంగులు పచ్చగా పడుతున్నాయని అలమారలో పెట్టేశాడు. రెండోదానికి లోపల తేమ చేరిందట. మూడోది బరువు, మెడ పట్టేసింది. నాలుగోది మరీ తేలిక, చెయ్యి వణికింది. ఐదోదాన్నీ ఆరోదాన్నీ అమ్మినవాడి మొహమే బాగోలేదు. ఆడలేక మద్దెల ఓడన్నారని ఊరికే అనలేదు పెద్దలు. అయితే మామూలు వాడు ఒక మద్దెలతో సరిపెట్టుకుంటాడు, ఈయన అలమారా నింపాడు.

ఇక్కడ బైనాక్యులర్ గురించి ఒక్క ముక్క చెప్పుకోవాలి. నడిమధ్యన ఉండే చక్రం రెండు కళ్ళకూ కలిపి తిరుగుతుంది. కుడికంటి గొట్టానికి మాత్రం విడిగా ఒక రింగు ఉంటుంది. రెండు కళ్ళకూ తేడా ఉంటే దాన్ని ప్లస్ వైపో మైనస్ వైపో తిప్పి సరిచేసుకోవాలి. డాక్టరు గారు ప్రతిదాన్నీ మైనస్ వైపు తిప్పేవాడు, ఇంక తిరగనని అది మొరాయించేదాకా తిప్పేవాడు, మొరాయించగానే సరుకు నాసిరకమని తేల్చేవాడు. ఏడోది దొరికేదాకా ఇదే వరస.

ఏడోదాని రింగు మిగతావాటికంటే చాలా దూరం తిరిగింది. దాంతో కొంగకు మళ్ళీ ముక్కొచ్చింది, కాళ్ళొచ్చాయి. రాజ్యం గెలిచినంత సంబరపడ్డాడాయన. ఆ వచ్చిన ఆదివారం గట్టు మీద పావుగంట ఉపన్యాసం దంచి, "ఇదీ బైనాక్యులర్ అంటే! ఇన్నాళ్ళూ మీరు వాడినవి బొమ్మలు" అని టైలరు చేతిలో పెట్టాడు.

టైలరు కళ్ళకు ఆనించుకుని, కాసేపు చూసి, మొహమాటంగా దించాడు. "కుడిపక్క అంతా మసగ్గా ఉందండీ."

"నీ కన్ను మసగ్గా ఉందయ్యా. టీచరమ్మా, మీరు చూడండి."

టీచరమ్మకూ మసకే. డ్రైవరుకూ మసకే, ఆయన చెల్లెలికీ మసకే. ఇంకొకడైతే అక్కడే తల గోక్కునేవాడు. డాక్టరు గారికి మాత్రం గుండె గుభేల్మంది, ఆ నలుగురి కోసం. "అందరికీ కుడికన్నే! ఇన్నాళ్ళూ నా పక్కనే ఉండి ఒక్కరూ చెప్పలేదేం? రేపు అందరూ దుకాణానికి రండి" అని హుకుం జారీ చేశాడు. ఆయన పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు.

నలుగురూ వచ్చారు. ఒకరి తర్వాత ఒకరు కుర్చీలో కూర్చున్నారు. అక్షరాల అట్ట మీది చివరి వరుస దాకా గడగడా చదివారు. బట్టీ పట్టి వచ్చారన్నాడాయన. చేతిలైటుతో వాళ్ళ కళ్ళలోకి తన కుడికంటితో తొంగి చూశాడు. చూసినవాడి మసకంతా చూపించుకున్నవాళ్ళ చీటీలోకి చేరింది. నాలుగు చీటీలు రాసి, తలా ఒక నకలు చేతిలో పెట్టి వాళ్ళను ఇంటికి పంపి, అసలువి వెనక గదికి పంపించాడు.

కాసేపటికి మిషను చప్పుడు ఆగిపోయింది. భార్య చీటీలు పట్టుకుని ముందు గదిలోకే వచ్చింది.

"నలుగురికీ కుడికన్నే, నలుగురికీ ఒకటే నంబరు. కవల పిల్లలకైనా ఇలా రాదండీ. ఈ అద్దాలు నేను అరగదియ్యను."

"వచ్చిన జబ్బు రాశాను. నీకేం తెలుసు?"

"టైలరన్నయ్య నిన్న నా కళ్ళెదుటే ఒక్క ఊపులో సూదిలో దారం ఎక్కించాడు. ఆయనకా మీరు అద్దాలు పెట్టేది?"

ఆమె అలమారా తెరిచింది. అందులోవన్నీ తీసి బల్ల మీద వరసగా పేర్చి, చివర్లో ఆయన మెడలో వేలాడుతున్న ఏడోదాన్ని కూడా తీసి పెట్టింది. ఒక్కో రింగు మీదా వేలు పెట్టి చూపించింది. ఏడూ మైనస్ చివరే ఆగి ఉన్నాయి.

"చూశారా? ఇవన్నీ మీ కంటి చీటీలే. మీ చేత్తో మీరు రాసుకున్నవే. మద్దెలలు ఏడు మార్చారు, ఇంక ఆట సంగతి చూద్దాం."

 డాక్టరు గారు కోపం తెచ్చుకుందామని చూశాడు, అది సమయానికి రాలేదు. వచ్చింది భయం. మసక కంటివాడి దగ్గరకు కళ్ళు చూపించుకోవడానికి ఎవరొస్తారు? ఈ కన్ను సంగతి బయటపడితే దుకాణానికే కాదు, తనకూ ఒక పేరంటూ మిగలదనిపించింది. "వాళ్ళకు చెప్పాలా?" అని చంటిపిల్లాడిలా అడిగాడు.

"మీ చీటీ పట్టుకుని ఇంకో కొట్టుకెళ్ళి అద్దాలు పెట్టించుకుంటే వాళ్ళ కళ్ళేమవుతాయి? చెప్పకపోతే నేను చెప్తాను" అంది ఆమె. ఆమె అన్నంత పనీ చేస్తుందని ఆయనకు తెలుసు.

తర్వాతి ఆదివారం గట్టు మీద ఎవరూ పిట్టల వైపు చూడకముందే చెప్పేశాడు. గొంతు సవరించుకోవడానికే ఐదు నిమిషాలు పట్టింది. "మీ కళ్ళు దివ్యంగా ఉన్నాయి. ఆ చీటీలు చింపెయ్యండి. తేడా నా కంట్లో ఉంది." అని, నలుగురూ గుండెలు బాదుకుంటారేమోనని ఎదురుచూశాడు. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

టైలరు నెమ్మదిగా అన్నాడు: "మాకు తెలుసండీ. పోయినేడు నీటికాకిని పట్టుకుని బాతన్నారు కదా, అప్పుడే తెలిసింది."

"మరి టీచరమ్మ పుస్తకంలో బాతనే రాశారేం?"

"మీరు ఇంటికెళ్ళాక దిద్దుకుంటున్నామండీ" అంది టీచరమ్మ. "మొన్న దుకాణానికి కూడా, మీ మనసు కష్టపెట్టడం ఎందుకని వచ్చి కూర్చున్నాం."

ఏడాదిగా తాను అవునన్నదేదీ నిలవలేదన్నమాట! ఇంతమంది కలిసి తన పెద్దరికాన్ని జోలపాడి ఊపుతున్నారన్నమాట! సిగ్గుతో ఆయన చెవులు కాలిపోయాయి. వాళ్ళు వెక్కిరించి ఉంటే కాస్త తిట్టుకునైనా బతికేవాడు. ఇది తట్టుకోవడం చాలా కష్టమైంది.

మర్నాడు భార్య వెంట కంటి ఆసుపత్రికి వెళ్ళాడు. అక్కడ ఆయన్ని ఎవరూ డాక్టరు గారూ అనలేదు, టోకెన్ నంబరుతో పిలిచారు. లోపల అసలు డాక్టరు, కూతురి వయసు అమ్మాయి, కంట్లో చుక్కలు వేసి పరీక్షించింది. శుక్లం ముదిరిందంది, ఆపరేషన్ చేస్తే చూపు వస్తుందంది.

"మసక ఎప్పట్నుంచి మొదలైంది, గుర్తుందా అంకుల్? సుమారుగా చెప్పండి చాలు."

భార్య తనే జవాబు చెబుదామని నోరు తెరిచింది. తను కనిపెట్టింది నిరుడు వానాకాలంలో కాబట్టి ఆ లెక్కే చెప్పబోయింది.

ఆయన అంతకంటే ముందే చెప్పేశాడు. ఆమె లెక్కకు ఆరు నెలల ముందు, ఒక మంగళవారం, పొద్దున తొమ్మిదీ ఇరవైకి, దుకాణం తాళం తీస్తూ ఎడమకన్ను నలుపుకున్నప్పుడు కుడికంటికి ఆ తాళం మసగ్గా కనిపించిందట. తారీఖుతో సహా చెప్పాడు.