పరదా తాడు

ఆ రోజుల్లో భద్రాచలం బస్సు కిటికీలకు అద్దాల్లేవు, టార్పాలిన్ పరదాలే. అడవిలో వాన అందుకోగానే పరదా తాడును ఊచకు గట్టిగా ముడేశాను. పక్క సీటు పెద్దాయన ఆ ముడి విప్పి, తాడును చేత్తో పట్టుకుని కూర్చున్నాడు.

"ఎందుకు తాతా, చెయ్యి నొప్పి పుడుతుంది."

"గోదాట్ల మాకు తెరచాప పడవ ఉండె బిడ్డా. చాప తాడు చేత్తోనే పట్టుకోవాలె, గాలి ఎక్కువైతే ఇడువాలె. తమ్ముని చేతులు బొబ్బలెక్కినయని ఆ పొద్దు నేనే తాడును గుంజకు కట్టి పంపిన. నడి గోదాట్ల గాలి తిరిగింది. తడిసిన ముడి వానికి ఊడలే, పడవ బోర్లపడ్డది. నేను ఒడ్డు మీద ఉన్న."

బూర్గంపాడు అడ్డరోడ్డు దగ్గర దిగుతూ ఆయన తాడును నా చేతిలో పెట్టాడు.

వాన తగ్గలేదు. చెయ్యి తిమ్మిరెక్కినా, భద్రాచలం దాకా దాన్ని మళ్లీ ముడెయ్యలేకపోయాను.