మెడలోంచి తీయని పుస్తె

ఎక్స్‌టెన్షన్ ట్యూబులంటే పెద్ద యంత్రమేమీ కాదు. లోపల అద్దం ఉండదు, తీగ ఉండదు. ఉత్త ఖాళీ గొట్టాలు, మూడు. కెమెరాకూ లెన్సుకూ మధ్య బిగిస్తే లెన్సు కాస్త ముందుకు జరుగుతుంది. అప్పుడు చీమ మీసాలు కనబడేంత దగ్గరికి వెళ్లి ఫోటో తీయవచ్చు. అసలైన మాక్రో లెన్సు కొనలేని నాలాంటివాళ్లకు ఇవే దిక్కు. ఎయిర్‌పోర్టు కార్గోలో డ్యూటీ అయిపోయాక కొత్వాల్‌గూడ వైపు చెరువు గట్టుకు పోయి, గడ్డిపూలనూ పురుగులనూ తీసుకుంటూ ఉండేదాన్ని. అమ్మకు ఆ పిచ్చి బొత్తిగా నచ్చేది కాదు. పెళ్లిళ్లకు పోయి మనుషుల మొహాలు తీయక ఈ పురుగుల మొహాలు ఎవరికి కావాలి అని సణిగేది. నా పెళ్లి కుదిరాక మాత్రం అదే అమ్మ, నీ గొట్టాలు ఎక్కడున్నాయి, తియ్యి అంది.

సంగతి ఇదీ. మా వాళ్లలో పెళ్లికూతురి మెడలో రెండు పుస్తెలు పడతాయి. ఒకటి అత్తింటివాళ్లు తెస్తారు. రెండోది పుట్టింటి తరఫున మేనమామ చేయిస్తాడు. మేనమామ చేయించేది అమ్మ పుట్టింటి పుస్తె ఎలా ఉందో అచ్చం అలాగే ఉండాలి. ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు. మరి అమ్మ పుట్టిన ఊరేమో ఎయిర్‌పోర్టుకు పోయింది. ఇల్లు ఉన్న జాగా ఇప్పుడు ఏ రన్‌వే కింద ఉందో ఎవరూ చెప్పలేరు. ఆ ఊళ్లో బంగారం పని చేసే అవుసలాయన కాలం చేశాడు, ఆయన అచ్చులు ఏ పాత సామాన్లలో కలిసిపోయాయో తెలియదు. మిగిలిందల్లా అమ్మ మెడలో ఉన్న ఒక్క పుస్తె. అది చూస్తే గోరంత, అరిగీ అరిగీ నున్నగా అయిపోయింది.

దాని మీద ఏముండేదని అడిగితే ఒక్కరి మాటా ఇంకొకరితో కలవదు. గగన్‌పహాడ్‌లో కంపెనీకి పోయే మా మేనమామ నెమలి అన్నాడు. మా బాపు తామరపువ్వు అన్నాడు. ఇన్నేళ్లు మెడలో వేసుకు తిరిగిన అమ్మ ఏమంది? ఏదో ఉండె అంది, అంతే. నాకు నవ్వొచ్చింది, వెంటనే కోపమూ వచ్చింది. కోపం నా ముక్కు మీదే ఉంటుంది. పోనీ మామూలు పుస్తె చేయించుకుంటాలే, ఎవరు చూడొచ్చారు అన్నాను.

అమ్మ గొంతు పెంచలేదు. "నీకు మా ఇల్లు చూపెడుదమంటే ఇల్లు లేదు. వాకిలి లేదు. ఇదొక్కటి ఉన్నది. ఇదన్న నీ మెడల వడాలె బిడ్డా" అంది.

అమ్మను వెంటబెట్టుకుని శంషాబాద్ బయల్దేరాను.

అక్కడ పుస్తె చేయడానికి ఒప్పుకున్న అవుసలాయన మంచివాడు, ఓపికమంతుడు. పుస్తెను మెత్తటి మైనం మీద అద్దమని ఇస్తే అమ్మ వెనక్కి తిరిగి, మెడలో ఉంచుకునే అద్ది ఇచ్చింది. మైనం మీద గోరంత నున్నటి గుంట పడింది తప్ప గీత లేదు, చుక్క లేదు. ఇక మెడ దగ్గరికి వంగి భూతద్దం పెట్టి చూద్దామంటే ఆయనకూ మొహమాటమే, అమ్మకూ మొహమాటమే. శనివారంలోగా గుర్తు కనబడేలా పెద్ద ఫోటో తెచ్చిస్తే చెక్కుతానన్నాడు. లేకుంటే మామూలు అచ్చు పోయక తప్పదు, ముహూర్తం ముంచుకొస్తోంది కదా అన్నాడు.

ఫోటోకేముంది, పసుపుకొమ్ము కట్టుకుని పుస్తెలతాడు కాసేపు తీసి ఇవ్వు అన్నాను అమ్మతో. అందరూ చేసేదే. తాడు తెగినా మార్చినా ఆడవాళ్లు పసుపుకొమ్ము మెడలో కట్టుకునే తాడు తీస్తారు. అమ్మ కూడా ఒకసారి తనకు స్కానింగ్ చేసినప్పుడు అలాగే తీసింది. ఆ వారమే బాపుకు గుండెనొప్పి వచ్చింది.

"ఇగ నన్ను తియ్యమనకు" అంది.

స్కానింగుకూ బాపు గుండెకూ సంబంధమేంటని వాదించాను. సంబంధం లేదని అమ్మే ఒప్పుకుంది. ఒప్పుకుని కూడా తీయలేదు. మంచం మీద కూర్చున్న బాపు ఇదంతా వింటూ, ఏమీ విననట్టు టీవీ చానళ్లు మారుస్తున్నాడు. ఆయన చేతిలో రిమోట్ చూశాక నాకే పాపం అనిపించింది. సరే, మెడలో ఉండగానే తీద్దాం అనుకున్నాను.

అక్కడ మొదలైంది నా అవస్థ. ముందు అమ్మ మెడలో ఉన్న పుస్తెలను అలాగే గిన్నెడు కుంకుడు రసంలో నానబెట్టి పాత బ్రష్‌తో తళతళలాడేలా తోమించాను. ఫోటోకు వెళ్లేటప్పుడు నగను తోముకోవడం మనకు అలవాటే కదా. ఇక గొట్టాలు మూడూ బిగించి నొక్కితే కెమెరా క్లిక్ అనదు. నావి చవక గొట్టాలు. లెన్సు ఉందని కెమెరాకు చెప్పే కరెంటు పిన్నులు వాటికి లేవు. లెన్సు కళ్లెదుట ఉన్నా, లెన్సు లేదంటుంది మహాతల్లి. సెట్టింగుల్లోకి వెళ్లి, లెన్సు లేకున్నా పర్వాలేదు తియ్యి అనే ఆప్షన్ వెతికి పెట్టాక కానీ దారికి రాలేదు.

క్లిక్ అయితే అయింది, ఫోటోలో పుస్తె అంచు ఒక్క వెంట్రుకవాసి మాత్రమే స్పష్టంగా పడి, మిగిలినదంతా పొగ. పిన్నులు లేకపోతే లెన్సు లోపలి రంధ్రం పూర్తిగా తెరుచుకునే ఉంటుంది. అది చిన్నదైతేనే ముందూ వెనకా స్పష్టంగా పడతాయి. దీనికి ఒక ఉపాయం ఉంది. గొట్టాలు తీసేసి లెన్సును నేరుగా కెమెరాకు బిగించాలి, రంధ్రం చిన్నది చేయాలి, ముందున్న బటన్ ఒకటి నొక్కిపట్టి, అది వదలకుండానే ఇంకో బటన్ నొక్కి లెన్సును తిప్పి ఊడదీయాలి. అప్పుడు రంధ్రం చిన్నదిగానే ఉండిపోతుంది. చెప్పడానికి బాగానే ఉంది, చేయడానికి మూడు చేతులు కావాలి. మూడో చేయి బాపుది. ఆయన నొక్కమన్నప్పుడు వదిలాడు, వదలమన్నప్పుడు నొక్కాడు. నేను అరిచాను. అమ్మ అక్కడ్నుంచి, గుండె మనిషి మీద గట్ల అరుస్తరా అని నా మీద అరిచింది. చివరికి ఎలాగో కుదిరింది.

రంధ్రం చిన్నదయ్యేసరికి వెలుగు చాలలేదు. గొట్టాలు తమ వంతు వెలుగు తాము మింగుతాయి. పైగా మూడు గొట్టాలతో లెన్సు ఎంత దగ్గరికి వెళ్లాల్సి వచ్చిందంటే, దాని నీడే పుస్తె మీద పడుతోంది. ఒక గొట్టం తీసేశాను. అమ్మను బాల్కనీలో కూర్చోబెట్టి, అన్నం తినే స్టీలు కంచాన్ని పక్క నుంచి పట్టుకోమని బాపుకిచ్చాను. ఎండ కంచానికి తగిలి ఏటవాలుగా పుస్తె మీద పడింది. ఆ పని మాత్రం బాపు అద్భుతంగా చేశాడు, చేయి కదిలితే ఒట్టు.

అన్నీ కుదిరాయి, అమ్మ ఊపిరి తప్ప. అంత దగ్గర్లో ఊపిరి తీస్తే పుస్తె ముందుకొస్తుంది, వదిలితే వెనక్కి పోతుంది. ఊపిరి బిగబట్టమంటే గుండె కొట్టుకోవడం కూడా ఫోటోలో తెలుస్తోంది. నేను తల పట్టుకుని కూర్చుంటే అమ్మే లేచి పోయి పీట తెచ్చింది. దాని మీద పంచె మడతపెట్టి పరిచి, ముందుకు వంగి, పుస్తెలను పీట మీద ఆనించింది. పుస్తెలతాడు పొడుగ్గా ఉంటుంది కాబట్టి తాడు మెడలోనే ఉంది, పుస్తె పీట మీద కదలకుండా ఉంది. నేను కెమెరాను చిన్న బియ్యపు సంచి మీద పెట్టి, లెన్సు తిప్పడం మానేసి, కెమెరానే కొద్దికొద్దిగా ముందుకూ వెనక్కూ జరుపుతూ తీశాను. గొట్టాలతో తీసేటప్పుడు ఫోకస్ చేసే పద్ధతి అదే.

అమ్మ వంగి ఎంతసేపు ఉందో నేను లెక్క చూడలేదు. విమానం దిగుతుంటే బాల్కనీ రెయిలింగ్ సన్నగా వణుకుతుంది, ఫోటో అదురుతుంది. అమ్మ తల ఎత్తకుండానే, ఆగు ఒకటొస్తున్నది అనేది. ఆ చప్పుడు నాకింకా వినబడేది కాదు. అది దాటిపోయాక, ఇగ తియ్యి అనేది. నడుం పడిపోతుంది, ఇక లెయ్ అంటే, నాట్లేసిన నడుం బిడ్డా ఇది అంది. ఆమె వీపు చూస్తుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను గట్టు మీద తూనీగ కోసం కాసేపు వంగితేనే అబ్బా అమ్మా అంటాను.

ఇంత చేసి కంప్యూటర్‌లో చూస్తే ఏముంది? స్పష్టంగానే ఉంది. మహా స్పష్టంగా, ఒక తళతళలాడే ఖాళీ బిళ్ల! వెలుగు తగిలి మెరుపు తప్ప ఇంకేమీ లేదు. నెమలీ లేదు, తామరా లేదు. గొట్టాలు సంచిలో విసిరేశాను. ఇక నా వల్ల కాదు, అక్కడ ఏమీ మిగల్లేదు, అరిగిపోయిందని చెప్పేశాను. అమ్మ, సరే పోనియ్ అంది. ఆ సరే అన్న తీరు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. లోపలికి పోయి అన్నం పెట్టింది, మామిడికాయ తొక్కు వేసింది.

మర్నాడు శుక్రవారం. అమ్మ తలస్నానం చేసి, ప్రతి శుక్రవారంలాగే పసుపు తడిపి పుస్తెలకు పూసి, కళ్లకద్దుకుని, కొంగుతో తుడిచింది. నేను డ్యూటీకి తయారవుతూ అటు చూశాను. వంటింటి కిటికీ ఎండలో అమ్మ మెడలో ఏదో సన్నటి పసుపు గీత కనబడింది. దగ్గరికి పోతే కనబడదు, పక్కకు జరిగితే కనబడుతుంది. నా బుర్ర అప్పుడు వెలిగింది. నున్నటి బంగారం మీద పసుపు నిలవలేదు. కంటికి ఆనని గీతల్లో మాత్రం నిలిచింది. నేను కుంకుడు రసంతో తోమించి పోగొట్టింది దాన్నే! డ్యూటీకి ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెప్పి, పీట, కంచం, బియ్యపు సంచి, బాపు, అన్నీ మళ్లీ బాల్కనీలోకి తెచ్చాను. అమ్మ మళ్లీ వంగింది.

ఈసారి కనబడింది. చుక్కలు, వాటిని చుట్టుకుంటూ పోయే సన్నటి మెలిక. సగం వరకే. మిగతా సగం పక్కనున్న పుస్తెకు రాసుకుని రాసుకుని పూర్తిగా పోయింది, అక్కడ పసుపు కూడా లేదు.

ఆ పుస్తె ఇప్పుడు నా మెడలో ఉంది, పూర్తిగా ఉంది. అవుసలాయన రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టుకుని చెక్కాడు. మేనమామ మాత్రం తిప్పితిప్పి చూసి, ఇటు నుంచి చూస్తే నెమలే అని ఇప్పటికీ అంటాడు. అంటే అననీ. ఆ రెండో ఫోటో సంగతే చెప్పాలి.

సగం గుర్తున్న ఫోటోను పెద్దది చేసి అమ్మకు చూపించాను. చాలాసేపు చూసింది. చూపుడువేలు గాల్లో కదిలింది. చప్పున లేచి ముగ్గు డబ్బా తీసుకుని తలుపు తెరిచి, మా కిరాయి ఇంటి గడప ముందు కూర్చుంది. చుక్కలు పెట్టింది. మెలిక తిప్పింది. పుస్తె మీద మెలిక ఎక్కడ ఆగిపోయిందో అక్కడ ఆమె చేయి ఆగలేదు. అరిగిపోయిన సగమంతా గచ్చు మీద తెల్లగా వచ్చేసింది. పుస్తె మీది చుక్కలు చుక్కల్లాగే, మెలిక మెలికలాగే, ఒక్కటీ తప్పలేదు. చేతిలో ఇంత పెట్టుకుని, ఏదో ఉండె అంటుందా మా అమ్మ!

"మా అమ్మ శుక్కురారం శుక్కురారం గడప ముందట గిదే ఏస్తుండె" అంది. "పుస్తె మీద ఉన్నది గిదే అని నాకు ఎర్కనే లేదు."

నేను కెమెరా ఎత్తాను. అంతా పొగ. గొట్టాలుంటే దూరంగా ఉన్నదేదీ కనబడదు కదా. వాటిని ఊడదీసి, లెన్సు నేరుగా బిగించి, ముగ్గు నిండా వచ్చేలా వంగాను. అమ్మ చేయి అడ్డం పెట్టింది. ముగ్గు పక్కన, గోడ వారగా, ఎవరూ లేని జాగా చూపించింది.

"మా అమ్మ ముగ్గేసి గీడ కూసుంటుండె. గా జాగ గూడ ఫోటోల వడాలె."

నేను ఒక్కో మెట్టు దిగుతూ వెనక్కి వెళ్లాను, ఆ జాగా కూడా పడేదాకా.