తోడికోడలి మొక్కజొన్న

ఆమెను అందరూ గుడ్లత్త అనేవారు. రెండు రేకుల షెడ్లలో ఆరువందల కోళ్ళను పెంచేది. వాటి మేతకు మొక్కజొన్న తోడికోడలి చేలోంచే వచ్చేది. మరిది భార్య ఆ చిన్నది ఏటా బస్తాలు తనే తెచ్చి దించేది.

పెట్రోలులో కలిపే ఇథనాల్ తీసే ఫ్యాక్టరీ దగ్గర్లో వెలిశాక, కండెలు ఒలవకముందే లారీలు చేలగట్లకు రావడం మొదలైంది. ఆ ఏడే తోడికోడలి ఇంటిముందు తెల్లకారు దిగింది.

గుడ్లత్త కళ్ళలో నిప్పులు పోసుకుంది. కారు తలుపు చప్పుడైతే చాలు, చేతిలో పని ఆగిపోయేది.

"నా కోళ్ళ నోటి దగ్గరి తిండి తాగి తిరుగుతోంది ఆ బండి," అంది మొగుడితో.

"నువ్వైతే అమ్మేదానివి కాదూ?" అన్నాడతను.

అమ్మేదే. అందుకే మరీ మండింది.

ఒకరోజు తోడికోడలు వచ్చింది. "అక్కా, నీకోసం ఇరవై బస్తాలు పక్కన పెట్టాను. పాత ధరకే తీసుకో."

"వద్దులేమ్మా. పాపం, నీ కారు పస్తుంటుంది."

చిన్నది ముఖం మాడ్చుకుని వెళ్ళిపోయింది. మర్నాడు ఆ ఇరవై బస్తాలూ లారీ ఎక్కాయి.

బజారులో మొక్కజొన్న ధర అందుబాటులో లేదు. మేత తగ్గింది, గుడ్లు తగ్గాయి. చివరికి మూడువందల కోళ్ళను మాంసం కొట్టువాడికి ఇచ్చేసింది. వాటిని గంపలకెత్తుతుంటే గోడవైపు తిరిగి నిలబడింది. ఇందులో తన నోటిదురుసు వాటా ఎంతో ఆమెకు తెలుసు.

ఇథనాల్ తీశాక మిగిలిన పిప్పిని ఎండబెట్టి కోళ్ళకు వేస్తారని దాణా వ్యాపారి చెప్పాడు. అయితే ఫ్యాక్టరీవాళ్ళు దాన్ని గింజలమ్మే రైతులకే ఇస్తారట. సిగ్గు చంపుకుని తోడికోడలి గడప తొక్కింది.

చిన్నది వాకిట్లో కారులోంచి నీళ్ళ డబ్బాలు దించుతోంది.

"ఫ్యాక్టరీ వచ్చాక రెండు పంటలూ మొక్కజొన్నే వేశాం కదక్కా, బోరు ఎండిపోయింది. కందిచేను కూడా తీసేశాం. ఇప్పుడు పప్పుకీ బజారుకే పోవాలి."

గుడ్లత్తకు లోపల చల్లగా అనిపించింది. అలా అనిపించినందుకు తలెత్తలేకపోయింది. వచ్చిన పని నసుగుతూ చెప్పింది.

"ఎక్కు, నేనే తీసుకెళ్తా," అంది చిన్నది.

సీటు మెత్తగా ఉంది. దారి పొడవునా గుడ్లత్త కిటికీ బయటికే చూసింది.

తెచ్చిన పిప్పిని మొక్కజొన్నలో కొద్దిగా కలిపితే, కోళ్ళు రెండు రోజులు వాసన చూసి వదిలేశాయి. మూడోనాడు తిన్నాయి. మంద మాత్రం మళ్ళీ ఆరువందలు కాలేదు.

తోడికోడలి ఇంట్లో కొత్త వస్తువు దిగితే గుడ్లత్తకు ఇప్పటికీ ముద్ద దిగదు. కానీ ఇప్పుడు వెళ్ళి చూసి, బాగుందని చెప్పి వస్తుంది.