పోతున్న అనొద్దు

మొదటిసారి కౌన్సెలింగుకు పోయేటప్పుడు నేను ఫైలు పట్టుకుపోయాను. బీపీ కాగితాలు, షుగరు రిపోర్టులు, ఎప్పుడో తీయించిన మెడ ఎక్స్‌రే, అన్నిటికంటే అడుగున మా ఆయన మరణ ధ్రువపత్రం. దవాఖానకు పోతే కాగితాలు అడగరా మరి? ఏదో ఒకటి లేదని వెనక్కి పంపుతారేమోనని రెండేసి జిరాక్సులు కూడా తీయించాను.

నన్ను పంపింది మా హెడ్మాస్టరు. త్రిపురారం దగ్గర ఒక ఊళ్ళో ప్రైమరీ స్కూలు మాది. మిర్యాలగూడ నుంచి రోజూ బస్సులో పోయి వస్తాను. ఇరవై రెండేళ్ళుగా పిల్లల వేళ్ళు పట్టుకుని అక్షరాలు దిద్దించిన చెయ్యి నాది. ఆ చేత్తోనే మూడో తరగతి పిల్లను చెంప మీద కొట్టాను. బడి వదిలే వేళ, భుజాన సంచి వేసుకుని పోతున్న పిల్లను. అది పోయి బెంచీ మీద పడింది. పెదవి చిట్లింది. ఎందుకు కొట్టావంటే అల్లరి చేసిందన్నాను. పచ్చి అబద్ధం. నిజం ఏమిటో అప్పటికి నాకే తెలియదు.

మరునాడు తల్లి వచ్చింది. కూలికి పోయే మనిషి, ఆ రోజు పని పోగొట్టుకుని వచ్చింది. నన్ను జుట్టు పట్టుకుని ఈడ్చినా పడేదాన్ని. ఆమె నా వైపు చూడనే లేదు. "నేను కేసు గిట్ల పెట్ట సారూ. గని ఆ మేడం క్లాసుల నా బిడ్డను కూసోవెట్ట" అని హెడ్మాస్టరుకు చెప్పి పోయింది.

ఆయన తలుపు దగ్గరికి వేసి అన్నాడు: "మేడం, ఏడాది సంది సూస్తున్న. సార్ పోయినకాడి నుంచి మీరు మీరు కాదు. సెలవు పెట్టుండ్రి. కౌన్సెలింగుకు పోండ్రి. ఇగ ఫర్వాలేదని వాళ్ళు రాసిస్తెనే మిమ్మల్ని పిల్లల ముందట నిలవెడ్త. లేకుంటె నేను పైకి రాయాల్సొస్తది."

నాకు పిల్లలు పుట్టలేదు. ఆయన పోయాడు. ఇక మిగిలింది ఆ బడి ఒక్కటే. అదీ పోతే పొద్దున లేచి ఎందుకు మొహం కడుక్కోవాలో నాకు తెలియదు.

మిర్యాలగూడలో అయితే ఎవరో ఒకరు చూస్తారని సూర్యాపేటలో వెతుక్కున్నాను. వాడకట్టులో మాత్రం కోదాడలో మా అక్క దగ్గరికి పోతున్నానని చెప్పాను. తీరా అక్కకు ఫోన్ చేస్తే అది లంకించుకుంది. "పిచ్చోళ్ళ డాక్టరు దగ్గరికా? నీకేం ఖర్మే? ఇక్కడికొచ్చెయ్, తాయెత్తు కట్టిస్తా. ఎవరన్నా అడిగితే నా దగ్గరే ఉన్నావని చెప్తాలే." మా అక్కకు తిట్టడమూ వచ్చు, కడుపులో దాచుకోవడమూ వచ్చు.

పళ్ళ డాక్టరు మీద అంతస్తులో చిన్న గది. కింద నుంచి మిషను చప్పుడు వస్తోంది. బల్ల మీద మందులు లేవు, సూదులు లేవు, మెడలో వేసుకునే గొట్టం కూడా లేదు. రెండు కుర్చీలు, గోడ గడియారం, ఒక స్టూలు, దాని మీద కాగితపు రుమాళ్ళ డబ్బా. ఆ డబ్బా చూడగానే ఒళ్ళు మండింది. ఏడిపించడానికి ముందే ఏర్పాట్లు చేసి పెట్టారన్నమాట!

ఎదురుగా ముప్పై ఏళ్ళు కూడా నిండని పిల్ల. ఫైలు ఇస్తే తీసుకుని, తెరవకుండా పక్కన పెట్టింది. "ఇవి తర్వాత చూస్తనమ్మా. ముందు మీరు చెప్పుండ్రి" అంది. జిరాక్సులకు తిరిగిన తిరుగుడంతా గంగపాలు. తరువాత, అక్కడ మాట్లాడింది అక్కడే ఉంటుందని చెప్పింది. నాకు గానీ ఇంకొకరికి గానీ ప్రాణం మీదికి వస్తుందనిపిస్తే మాత్రం దాచనంది. చచ్చిపోవాలని అనిపిస్తుందా అని సూటిగా అడిగింది. అట్లా ఎవరూ అడగలేదు నన్ను. "పొద్దున పూట అనిపిస్తది" అన్నాను. అనేశాక నా నోరు నేనే నొక్కుకున్నాను. ఆ పిల్ల బెదరలేదు. ప్రాణం తీసుకోవడానికి ఇంట్లో ఏమైనా దాచానా, పొద్దున పూట ఫోన్ చేయడానికి ఎవరున్నారు అని అడిగి రాసుకుంది. ఏమీ దాచలేదని, కోదాడలో అక్క ఉందని చెప్పాను.

ఆ తర్వాత అరగంట సేపు నేను హెడ్మాస్టరును తిట్టాను. పిల్ల తల్లిని తిట్టాను. చివరికి "ఇంతకూ నువ్వేమన్న చెప్తవా బిడ్డా, నేనే చెప్పాల్నా?" అని ఎదురుగా కూర్చున్న ఆ కౌన్సెలింగు పిల్లనూ తిట్టాను. ఆమె నవ్వలేదు, కోపగించుకోలేదు.

"కొట్టే ముందు ఆ పాప ఏమన్నదమ్మా?" అని అడిగింది.

"ఏమంటది? పోతున్న టీచర్ అన్నది."

అనేసి ఆగిపోయాను. కింద మిషను చప్పుడు కూడా ఆగినట్టుంది.

మా ఇళ్ళల్లో గడప దాటేవాళ్ళు 'పోతున్న' అనకూడదు, 'పోయొస్త' అనాలి. చావు జరిగిన ఇంట్లో మాత్రం వచ్చినవాళ్ళు పోయొస్తామనరు, మాట లేకుండా లేచిపోతారు. మా ఆయనకు ఈ పట్టింపు లేదు. వాడపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పని. పొద్దున బండి తీస్తూ నన్ను ఉడికించడానికే "పోతున్న" అనేవాడు. గడపలోనే ఆపి, "ఏం మాటది? పోయొస్త అను" అని దబాయించి అనిపించేదాన్ని. పెళ్ళయిన నాటి నుంచి అదే వరస.

ఆ రోజు డబ్బాలో మళ్ళీ దొండకాయ పెట్టానని అలిగాడు. "మూడు దినాల సంది గిదే కూర. నోరు సచ్చిపోయింది" అన్నాడు. "సస్తే సావనీ" అన్నాను. "పోతున్న" అన్నాడు. నేను ఆపలేదు. గిన్నెలు తోముతూ కూర్చున్నాను. ఆయన వాడపల్లి దాకా పోలేదు. దారిలోనే లారీ గుద్దింది. తరువాత పదకొండు రోజులు మా ఇంటికి ఎంతమంది వచ్చారో, ఒక్కరంటే ఒక్కరు పోయొస్తామనకుండా లేచిపోయారు.

ఇదంతా ఆ గదిలో చెప్పాను. ఏడాదిలో మొదటిసారి చెప్పాను. ఆ రుమాళ్ళ డబ్బా ముట్టుకోలేదు, కొంగుతోనే తుడుచుకున్నాను. నీ తప్పేం లేదమ్మా అంటుందని ఎదురుచూశాను. ఆ మాట అనలేదు. గడియారం చూసి, ఇవాళ్టికి టైమైందంది.

"మరి కాగితం?" అన్నాను.

"ఇప్పుడే ఇయ్యలేనమ్మా. ఇంకా కొన్నిసార్లు రావాలె."

పుండు గెలికి కట్టు కట్టకుండా పంపినట్టుంది. ఒక్క మాట మాట్లాడకుండా లేచి మెట్లు దిగిపోయాను. పోయొస్త అనలేదు.

అయినా పై వారం పోయాను. ఆ పై వారమూ పోయాను. నాలుగోసారి అయ్యాక, ఎవరూ పొమ్మనకుండానే, నేను కొట్టిన పిల్ల ఇంటికి పోయాను.

తల్లి అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. పిల్ల నన్ను చూడగానే చెంపకు చెయ్యి అడ్డం పెట్టుకుని లోపలికి ఉరికింది. నేను పెట్టిన భయం అది, అంత తేలిగ్గా పోయేది కాదు. "తప్పు నాదేనమ్మా. బిడ్డ ఏ అల్లరీ చెయ్యలేదు. నేను అబద్ధం చెప్పిన" అన్నాను. తల్లి చేట కింద పెట్టలేదు. కూర్చోమనలేదు.

"పోయొస్తనమ్మా" అన్నాను.

ఆ మాటకు ఎంత పగవాళ్ళయినా "మంచిది, పోయిరా" అంటారు మా దగ్గర. ఆమె తల ఎత్తలేదు.

"పోండ్రి" అంది.

నేను సరిదిద్దలేదు. చెప్పులు తొడుక్కుని బస్సు దాకా నడిచాను.