రెండు గళ్ళా, మూడు గళ్ళా

దయామణికి కుదురు లేదు. పుట్టింది రెంటచింతలలో, పని విజయపురి సౌత్ కాలువల ఆఫీసులో. ఇంజినీర్లు పెన్సిలుతో వేసిన పటాలకు సిరా గీతలు దిద్దే ట్రేసరు ఆమె. కూర్చుంటే లేస్తుంది, లేస్తే కిటికీ దాకా పోయి వస్తుంది. గీత గీసేటప్పుడు మాత్రం చెయ్యి రాయిలా ఉంటుంది. అలాంటి చెయ్యి ఎనభై నాలుగు మే నెలలో ఒకరోజు స్కేలు కూడా పట్టనంది.

రెంటచింతల పొలాల్లో తవ్వబోయే పిల్ల కాలువ అది. గళ్ళ కాగితం మీద తిన్నని ఏటవాలు గీత. సమీకరణం y = x/2 + 12. తీరా అక్కడక్కడా గుంటలు తవ్వి చూస్తే ఆ దారంతా నాపరాయి తగిలింది. ఇంజినీరు గోపాలకృష్ణయ్య గారు వచ్చి, "వాలు మార్చొద్దమ్మా, గీత మొత్తాన్నీ కిందికి జరుపు. రెండు గళ్ళో మూడు గళ్ళో, నాకు ఏదైనా ఒకటే, రాయి తప్పితే చాలు. రేపు పొద్దున సంతకం పెడతాను" అని టీకి వెళ్ళిపోయారు. ఆయనకేం, మహారాజు!

వాలు మారకపోతే చివరి అంకె ఒక్కటే మారుతుంది. రెండు గళ్ళు జరిపితే పన్నెండు పదవుతుంది, మూడు జరిపితే తొమ్మిది. x ఎనిమిది దగ్గర వేసి చూసింది. పదితో అయితే y పద్నాలుగు, తొమ్మిదితో అయితే పదమూడు. పదమూడు దగ్గర చిన్న సున్నా చుట్టి ఉంది. అది వాళ్ళ నాయన యోబు బావి. పద్నాలుగు దగ్గర పక్కింటి లింగమ్మ చేను. మొగుడు పోయాక ఆమెకు మిగిలిన చెక్క అదొక్కటే, కాలువకు ఎంత వెడల్పు కావాలో సరిగ్గా అంతే ఉంది.

రెండు గీతలూ పెన్సిలుతో గీసింది. పక్కపక్కనే పోతున్నాయి, ఎంత పొడిగించినా కలవవు. ఏదో ఒక్కదానికే సిరా పట్టాలి. కిటికీ దాకా పోయింది, వచ్చింది, మళ్ళీ పోయింది. ఛీ, ఈ పాపం నా నెత్తినే పడాలా! నాయన ఆ బావి రాళ్ళు వీపు మీద మోశాడు. ఆ నీళ్ళతో పండిన మిరపే తనను చదివించింది. పళ్ళు బిగబట్టి రెండు గళ్ళ గీతకే సిరా పట్టించింది.

పని అయితే అయింది గానీ కాలు నిలవలేదు. సాయంత్రం గదికి పోకుండా రెంటచింతల బస్సెక్కింది. దిగీ దిగగానే లింగమ్మ ఎదురొచ్చింది.

"ఏందమ్మాయ్, చెప్పాపెట్టకుండా వచ్చావే! కాలువ జరుపుతుండారంట గదా? ఊళ్ళో అందరికీ చానా భయంగా ఉంది. నాకేం భయం లేదులే. మన పిల్ల ఆఫీసులో ఉండాది, నా చేను చూడకుండా ఉంటదా అన్నా. చూశావు గదా?"

"చూశాను పిన్నీ" అంది దయామణి. అబద్ధం కాదు. చూసే గీత గీసింది.

లింగమ్మ ఆమె గడ్డం పుణికి, నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. దయామణి ఇంటి వైపు నాలుగడుగులు వేసి ఆగిపోయింది. ఆ ఇంట్లో కూర్చుని ఆ బావి నీళ్ళు తాగడం తన వల్ల కాదనిపించింది. వెనక్కి తిరిగి చూస్తే బస్సు తిరుగు ప్రయాణానికి హారన్ కొడుతోంది. పరుగున పోయి ఎక్కింది.

"ఇప్పుడే గదమ్మా దిగింది? మళ్ళీ ఎక్కావేంది?" అన్నాడు కండక్టర్ సత్తార్.

"ఆఫీసులో ఒక గీత సరి చెయ్యాలి, అన్నా. ఒక్క గడి కిందికి దించాలి."

"ఒక్క గడికే ఇంత పరుగా? యాడికి దించుతావు?"

"మా నాయన బావి మీదికి" అంది దయామణి, టికెట్టుకు చెయ్యి చాపి.