నాగలి లేని బండి

మానవపాడు దగ్గరి ఓ పల్లెలో బాలన్న గురించి చెప్పాలంటే ముందు ట్రాక్టరు గురించి చెప్పాలి. ఆ ఊళ్లో మొట్టమొదట స్టీరింగు పట్టింది ఆయనే. ఇరవై ఆరేళ్లు పట్టిన స్టీరింగు వదల్లేదు. నల్లరేగడిలో ఆయన దున్నిన చాళ్లు దారం పట్టి గీసినట్టుండేవి. ఇది ఆయన చెప్పుకున్న గొప్ప కాదు, ఆయనంటే గిట్టనివాళ్లు కూడా ఒప్పుకున్న మాట. పెద్దకొడుకు చేతికొచ్చి ట్రాక్టరు తీసుకున్నాక, పాపం, బాలన్న చేతులకు పని లేకుండా పోయింది. గడ్డం గోక్కోవడానికి తప్ప ఆ చేతులు ఎందుకూ కొరగావనిపించేది ఆయనకు.

2008లో నాలుగు వరుసల రోడ్డు కింద ఆయన పొలంలో ఓ చెక్క పోయింది. అందరితో పాటు బాలన్న కూడా ఏడ్చాడు. ఏడ్చి, ముఖం కడుక్కుని, పరిహారం డబ్బుతో, రోడ్డు పనులు చూసే ఇంజనీరు అమ్మకానికి పెట్టిన ఎర్ర స్పోర్ట్సు కారు కొనుక్కొచ్చాడు. నేలకు జానెడెత్తున ఉంటుంది. పైకప్పు వెనక్కి మడుస్తారు. రెండే సీట్లు. ఊరు ఊరంతా విరగబడి చూసింది. యాభై నాలుగేళ్ల బతుకులో ఆయన తనకోసమంటూ కొనుక్కున్న మొదటి వస్తువు అదే. పొద్దున్నే లేచి, తన తువ్వాలతో తనే తుడుచుకునేవాడు.

కానీ ఆ కారు తాగుడు చూస్తే గుండె గుభేలుమనేది. లీటరుకు పద్నాలుగు, పదిహేను కిలోమీటర్లు వస్తుందని ఇంజనీరు ఒట్టేసి చెప్పాడు. బాలన్నకు ఏడు వస్తే గొప్ప. మెకానిక్కులు విప్పి చూశారు, బిగించారు, ఏ రోగమూ లేదన్నారు. రోగం బండిలో లేదు మరి, బాలన్న కుడికాలిలో ఉంది.

ట్రాక్టరు నేర్పిన గురువు ఆయనకు మొదటిరోజే ఒక మాట చెప్పాడు: దున్నేటప్పుడు ఇంజను ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే ముల్లు గీత మీద నిలబడాలి, అది కిందికి దిగిందంటే ఇంజను కుంగినట్టే. ఆ మాటను బాలన్న ఇరవై ఆరేళ్లు మంత్రంలా పాటించాడు. ఎర్రకారులోనూ స్టీరింగు వెనక అలాంటి ముల్లే కనిపించింది. ఒకటి నుంచి ఏడు దాకా అంకెలున్నాయి. నడిమధ్యన ఉంచితే మంచిదనుకున్నాడు. గేర్లు అయిదున్నా మూడు దాటేవాడు కాదు. దాటితే ముల్లు దిగుతుందని భయం. పైగా టాప్ గేరంటే ఉరుకుడనీ, ఉరికితే దాహమెక్కువనీ ఆయన లెక్క.

రెండుసార్లు నడిరోడ్డు మీద పెట్రోలు అయిపోయింది. మూడోసారి భార్య పెంటమ్మ పక్కనే కూర్చుని ఉంది. కొడుకు ట్రాక్టరు తెచ్చి, తాడు కట్టి, ఊరి నడిబొడ్డు నుంచి లాక్కొచ్చాడు. కొంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నా జనం నవ్వులు వినబడుతూనే ఉన్నాయి. ఇంటికొచ్చాక ఆమె గట్టిగానే చెప్పేసింది.

"చూడు, నాగర్‌కర్నూల్ల మా అక్క ఇంటికి పోదాం. పది లీటర్లు పోయిస్త. సుక్క ఎక్కువ పొయ్యనియ్య. నడుమ ఆగిందా, వచ్చే అంగట్ల అమ్మెయ్యాలె. నేనైతే మల్ల గిట్ల ఇజ్జత్ తీసుకోను."

నాగర్‌కర్నూలు దాదాపు తొంభై అయిదు కిలోమీటర్లు. బాలన్న లెక్కన పది లీటర్లకు డెబ్బై దాటదు. అయినా సరేనన్నాడు. పెంటమ్మ అన్నదంటే అన్నదే.

ఆదివారం పొద్దున పెంటమ్మ దగ్గరుండి, ఎండిపోయిన ట్యాంకులో డబ్బాతో పది లీటర్లు పోయించింది. బాలన్న దేవుణ్ణి తలుచుకుని, మూడో గేరులో, ముల్లు నడిమధ్యన నిలబెట్టి బయల్దేరాడు. కృష్ణ దాటి పెబ్బేరు చేరేసరికి నలభై కిలోమీటర్లయింది. పెట్రోలు ముల్లు అప్పుడే అడుగుకు దిగబోతోంది. హోటలు ముందు కారాపి, చాయ్ కూడా చెప్పకుండా బోనెట్టు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు బాలన్న. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. బిడ్డను అత్తారింటికి పంపేటప్పుడు కూడా ఇంత బాధపడలేదేమో.

హోటలు బల్ల మీద ఖాకీ చొక్కాతో ఒకాయన చాయ్ తాగుతున్నాడు. పేరు సాబిర్, ఆర్టీసీ డ్రైవరు. తక్కువ డీజిలుతో ఎక్కువ దూరం నడిపినవాళ్ల పేర్లు డిపో బోర్డు మీద రాస్తారు కదా, ఆ బోర్డు మీద మూడేళ్లుగా ఆయన పేరే పైన ఉంది.

"అన్నా, నీ బండి కిలోమీటరు దూరం నుంచి ఒర్రుకుంట వచ్చింది. ఏ గేర్ల వచ్చినవే?" అన్నాడు.

"మూడు."

"ఎనక నాగలి కట్టినవా?"

బాలన్న నిజంగానే వెనక్కి తిరిగి చూశాడు. పెంటమ్మ ఫక్కున నవ్వింది. సాబిర్ అందుకున్నాడు.

"లేదు గద! నాగలి భూమిల దిగితే ఇంజనుకు బలం కావాలె, గట్టిగ తిరగాలె. ఈడ ఉత్త తారురోడ్డు. తిరిగిన ప్రతి చుట్టుకు ఇంజను ఓ గుక్క తాగుతది, పనున్నా లేకున్నా. చక్రం అంతే తిరుగుడుకు మూడో గేర్ల ఎన్ని చుట్లు కావాలెనో, అయిదుల అందుల సగానికి జర ఎక్కువ చాలు. టాప్ గేరంటే ఉరుకుమని కాదన్నా. అరవైల పో, నిమ్మళంగ పో."

"ముల్లు దిగుతది గద, సాబ్?"

"దిగనీ. ఇంజను గుడగుడ వణికితే మాత్రం కింది గేరుకు రా. వణుకుతుంటే ఊకె తొక్కకు, అప్పుడు గూడ తాగుతది."

మాట అర్థమైంది గానీ కాలికి అర్థం కావద్దూ? ఊరు దాటి అయిదో గేరు వేశాడు. ముల్లు రెండు దగ్గరికి జారింది. బాలన్న ప్రాణం జారినట్టయింది. కాలు దానంతటదే తొక్కేసింది, చెయ్యి మూడో గేరు కోసం వెతికింది. రెండుసార్లు ఇదే వరస.

పెంటమ్మ ఆయన భుజం మీది తువ్వాల లాగి ఆ ముల్లు మీద కప్పేసింది.

"ఇగ దాన్ని చూడకు. రోడ్డు చూడు. నేను ఇని చెప్త."

వినడంలో పెంటమ్మను మించినవాళ్లు లేరు. బాయికాడి మోటరు నీళ్లు పోస్తోందో, ఉత్తగా తిరుగుతోందో వంటింట్లోంచే చెప్పేది. వనపర్తి దాకా ఇంజను అరిచినప్పుడల్లా "ఒర్రుతుంది, మార్చు" అంటూనే ఉంది. వనపర్తి దాటాక ఎత్తు వచ్చింది. "వణుకుతుంది, దించు" అంది. ఆయన దించాడు. దిగుడులో మళ్లీ పెంచాడు. బిజినేపల్లి వచ్చేసరికి ఆమె చెప్పకముందే ఆయన చెయ్యి కదులుతోంది. ఇంజను సన్నగా పాడుకుంటోంది. బాలన్నకు ఇరవై ఏళ్ల వయసు తిరిగొచ్చినట్టుంది. అప్పుడు తట్టింది ఆయనకు: పందెం వేసింది ఈమే, తనను గెలిపిస్తున్నదీ ఈమే. పైకి అనలేదు. అంటే ఎక్కడ మూతి ముడుస్తుందోనని భయం.

నాగర్‌కర్నూలు వచ్చింది. వీధి చివర వాకిట్లో అక్క స్వరూప చెయ్యెత్తి నిలబడి ఉంది. బాలన్న బ్రేకు మీదికి కాలు తెచ్చాడు.

"ఆపకు," అంది పెంటమ్మ.

"ఏందే? ఇల్లు దాటిపాయె!"

"దాటనియ్. ఎంత దూరం పోతదో చూద్దాం."

ఎత్తిన చెయ్యి అలాగే ఉంచి నోరు తెరిచిన స్వరూపను దాటి, ఊరు దాటి, కారు వేరుశనగ చేల మధ్య పదకొండు కిలోమీటర్లు పోయింది. పెంటమ్మ కొంగు గాలికి వదిలేసి చిన్నపిల్లలా నవ్వుతూనే ఉంది. చివరకు ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. చేలలో కలుపు తీసేవాళ్లు లేచి చూశారు. ఆమె ఈసారి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకోలేదు.

బాలన్న భార్య వైపు తిరిగాడు. ఒక మాట అడగకుండా ఉండలేకపోయాడు.

"ఆగిపాయె గద. అమ్ముదామా మరి?"

పెంటమ్మ కదలకుండా ఇంకాస్త వెనక్కి వాలి కూర్చుంది.

"నీ సీటు గావాలంటే అమ్ముకో. నా సీటు నేనియ్య."