పియర్ మీద కొబ్బరికాయ

ఆ రోజుల్లో న్యూజెర్సీలో మా బాబాయి కారు కొన్నా, అద్దె ఇల్లు మారినా కొబ్బరికాయ కొట్టేవాడు. ఆ ఉదయం పియర్ మీదా కొట్టాడు. కాయ పగల్లేదు, కింద పలక విరిగింది. కాయ ఆ కంతలోంచి అట్లాంటిక్‌లో పడింది. (పియర్‌ని జనానికి తెరవచ్చో లేదో తేల్చడానికొచ్చిన టౌన్ ఇన్‌స్పెక్టర్ పక్కనే నిలబడి ఉన్నాడు.)

పియరంటే ఒడ్డు నుంచి సముద్రం మీదికి సాగే చెక్క దారి. విక్టోరియా రాణి కాలం నాటిది, షికారుకొచ్చే దొరసానుల కోసం కట్టింది. తుపాన్లు కొంత, మంటలు కొంత తినేశాక ఊరి కమిటీ బాగు చేయిస్తోంది. బాబాయి కాంట్రాక్టర్ దగ్గర ఇంజనీరు. నేను అక్కడి చిన్న పత్రికలో, పిల్లుల పోటీల వార్తల నుంచి అప్పుడే పైకొచ్చిన విలేఖరిని. పలకలన్నీ మార్చాలని బాబాయి మొత్తుకున్నాడు. కమిటీ అధ్యక్షురాలు, మేం గులాబీ టోపీ అని పిలుచుకునే ముసలావిడ, నడిమి వరసకి ఒప్పుకోలేదు. "మా తాతగారు నడిచిన పలకలవి. చెయ్యి వేయడానికి వీల్లేదు!" దాంతో ఆ వరస పాతదే మిగిలింది. వేసవికి పియర్ తెరవకపోతే బాబాయి ఉద్యోగం పోతుంది, దాంతోపాటే వీసా కూడా.

"రాయి మీద కొట్టాలి గానీ చెక్క మీద కొడతారటండీ?" అంది పిన్ని.

"నడి సముద్రంలో రాయెక్కడ తెమ్మంటావే?"

ఇన్‌స్పెక్టర్ మోకాళ్ల మీద కూర్చుని విరిగిన అంచుని వేలితో గీరాడు. లోపలంతా రవ్వలా రాలింది. లేచి, "ఇంకో కాయ ఉందా?" అన్నాడు.

మొదటిది కుళ్లిందైతే పనికొస్తుందని పిన్ని సంచీలో ఇంకోటి తెచ్చింది. దాన్ని తీసుకుని ఆయనే వరస పొడుగునా ఒక్కో పలక మీదా కొట్టుకుంటూ పోయాడు. బోలుగా మోగినచోటల్లా సుద్దముక్కతో గుర్తు. గులాబీ టోపీ ఆవిడ దెబ్బదెబ్బకీ కళ్లు మూసుకునేది. "మనవాడు అర్చన చేస్తున్నాడ్రా," అని బాబాయి నా చెవిలో అన్నాడు.

తీర్పు ఒక్క ముక్కలో వచ్చింది: పాత వరస మొత్తం తీసేసి కొత్తది వేస్తే తెరవచ్చు. (ఆ కొత్త పలకలు ఎప్పుడో తెప్పించి షెడ్డులో దాచానని బాబాయి అప్పుడు బయటపెట్టాడు.) వేసవికి పియర్ తెరిచారు, ఉద్యోగం నిలిచింది. నేను పేజీ నిండా వార్త రాస్తే, "కొబ్బరికాయ అంటే ఏ కంపెనీ పరికరం?" అని మా ఎడిటర్ అడిగి, సగం కొట్టేశాడు.

పలకలు మారాక అది పాత పియరా, కొత్తదా అని కమిటీలో తగువు మొదలైంది. ఒక్క వ్యాసంతో తేల్చేస్తాననుకున్నాను, ఆ వయసు అలాంటిది. మొన్న వెళ్లి చూశాను. గేటు బోర్డు మీద పేరుంది, కట్టిన సంవత్సరం రాయాల్సిన చోటు ఇప్పటికీ ఖాళీగానే ఉంది.